బావ వెళ్ళిపోయాడు

అక్క ఆడే వీడియో గేమ్‌లో రాక్షసులను దాచే గళ్ళన్నీ నిండిపోయాయి. కొత్తగా పట్టినదానికి చోటు చేద్దామని, చెల్లెలు ఓ పనికిమాలిన కప్పను అడవిలోకి వదిలేయబోయింది. వేలు పక్క గడి మీద పడింది. ‘వదిలేయాలా?’ అన్న ప్రశ్న చదవకుండానే ‘అవును’ నొక్కేసింది.

తెర మీద ఆ గడిలోని, ఇనుప కవచం తొడుక్కున్న ఈటె వీరుడు వెనక్కి తిరిగి చెట్లలోకి నడిచిపోయాడు. కింద అక్షరాలు పడ్డాయి: ‘బావ వెళ్ళిపోయాడు.’

ఆ వీరుణ్ణి అక్క గుడ్డు నుంచి పెంచుకుంది. ఛాతీ విరుచుకుని నిలబడే తీరు అచ్చం అక్క మొగుడిదేనని, ‘బావ’ అని పేరు పెట్టింది చెల్లెలే. అప్పుడు బావతో సహా ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇప్పుడు గేమ్ కట్టేసి మళ్ళీ తెరిచినా ఆ గడి ఖాళీగానే ఉంది. అక్క కోపం మామూలుది కాదు. చెప్పకుండా ఛార్జర్ తీసినందుకే ఇల్లు పీకి పందిరేసిన మనిషి.

సాయంత్రం దొరికిపోయేకన్నా ఇప్పుడే చెప్పేయడం నయమనుకుని, మందుల షాపులో పనిలో ఉన్న అక్కకు ఫోన్ చేసింది. భయంలో అనుకున్న మాటల్లో సగం బయటికే రాలేదు.

"అక్కా... తిట్టకే. బావ వెళ్ళిపోయాడే."

ఇక తిట్లు మొదలవుతాయని కళ్ళు గట్టిగా మూసుకుంది. అవతల ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. ఆ గొంతు దూరమైంది, అక్క ఫోన్ పట్టుకుని బయటికి నడిచినట్టుంది. తర్వాత చెల్లెలు ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగింది.

"సూట్‌కేసు తీసుకెళ్ళాడా?"