దొరగారి గదిలో మా సింహాలి ఊ

దొర బంగళాలో రాసుకునే గది రోజుకో బారెడు పొడుగు పెరుగుతోందని పక్కింటి పైడమ్మ మా పెరట్లోకి వచ్చి మరీ చెప్పిందట. ఆ గదిలోంచి మా సింహాలి గొంతు వినిపిస్తోందని కూడా అందట. ఈ మాట నాకు చెబుతున్నది నా భార్య సింహాలే. చింతపండు పిసుకుతూ చెబుతోంది.

దొర పేరు కెప్టెన్ ఆల్డ్‌విక్. ఆయన తండ్రి వాళ్ల దేశంలో పెద్ద జమీందారు. దొర రెండు యుద్ధాలు చేశాడు, ఒక చెవి పోగొట్టుకున్నాడు. ఇప్పుడు తన జీవితమంతా పుస్తకంగా రాస్తున్నాడు. కథలు చెప్పి ఆయనకు తెలుగు నేర్పడం నా కొలువు. ఊ కొట్టే మనిషి లేకపోతే కథ నడవదని ఆయనకు చెప్పింది నేనే. తప్పు అక్కడ జరిగింది.

పదేళ్లుగా నా కథలకు ఊ కొట్టేది సింహాలి. ఇవాళ కూడా "రాజుగారు వేటకు బయలుదేరారు," అంటాను. ఆవిడ పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. గెడ్డ వాగుకు అవతలి ఒడ్డున బంగళాలోంచి "ఊ" అని వినిపిస్తుంది.

నా కథలోని రాజు మా వంటింటి గుమ్మంలో ఒక కాలు ఎత్తి నిలబడిపోతాడు. సింహాలి ఆయన్ని తప్పుకుని వెళ్లి పొయ్యిలో పుల్ల ఎగదోస్తుంది.

కండువా దులిపి భుజాన వేసుకుంటాను. బంగళాకు వెళతాను.

గది ముందు చెప్పులు విడిచి, లోపల ఆయన రాసిన జీవితం పొడవునా నడుస్తాను. దొర బాల్యం దాటేసరికే చెమట పడుతుంది. మొదటి యుద్ధం దగ్గర నేల కాలుతోంది. రెండో యుద్ధం అవతల ఆయన బల్ల. దొర ఒక వాక్యం చదివి, కలం ఎత్తి ఆగుతాడు. ఒక ఊ వచ్చి కాగితం మీద వాలుతుంది. నిద్రమత్తు లేని, కొత్త కుండలాంటి ఊ. నాకు దక్కినవన్నీ ఆవలింతలు కలిసినవే.

"మా ఆవిడ ఊ ఇచ్చెయ్యండి దొరగారూ."

"నేను తీసుకొనలేదు. చదివితిని, వచ్చినది." దొరది పుస్తకాల తెలుగు.

"ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదండి."

"ఊ కొట్టుటకు భాష రావలెనని నీవు చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు.

"అయితే ఆవిణ్నే అడుగుదాం," అంటాను.

దొర ఎర్రకోటు బొత్తాలు విప్పుతాడు. లోపల చొక్కా లేదు, పొడవాటి వరండా ఉంది. పేము కుర్చీలో సింహాలి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. దొర తాతముత్తాతలు, పతకాలు పెట్టుకున్నవాళ్లు, వరసగా బిందెలు మోసుకొచ్చి ఆవిడ కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు.

"ఇంటికి పద. నువ్వు ఊ అనకపోతే నా కథ కదలదు," అంటాను.

బిందెలు ఆగుతాయి. సింహాలి నావైపు చూస్తుంది.

"నాను నిద్దరోయినప్పుడు ఒక్కపాలైనా కత ఆపినావేటి మావా?"