లేనోళ్ల ఫొటో

మీ ఇంట్లో పెళ్లి ఆల్బం ఒకటి ఉండే ఉంటుంది. బీరువాలో చీరల కిందో, అటక మీది పెట్టెలోనో. దాన్ని ఓసారి బయటికి తీసి పక్కన పెట్టుకోండి. ఈ కథ పూర్తయ్యాక దానితో పనుంది.

కంచరపాలెంలో, రైలు వెళ్లినప్పుడల్లా గోడ మీది ఫ్రేములన్నీ కదిలే ఒక ఫొటో స్టూడియో ఉంది. ముందు గదిలో యజమాని గురునాథరావు కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి బేరాలు చూసుకుంటాడు. తెర వెనక చిన్న గదిలో, కంప్యూటర్ ముందు సూర్యకళ కూర్చుంటుంది. ఆమె చేసే పనిని ఆ స్టూడియోలో ‘లేనోళ్ల పని’ అంటారు.

కూతురి పెళ్లి నాటికి తండ్రి పోయి ఉంటాడు. ఆల్బం చూసినప్పుడల్లా ఆ వెలితి పొడుస్తూనే ఉంటుంది. అలాంటివాళ్లు ఎక్కడో దొరికిన పాత ఫొటో పట్టుకొని ఇక్కడికి వస్తారు. సూర్యకళ ఆ ఫొటోలోంచి మనిషిని జాగ్రత్తగా కత్తిరించి, వెలుగు సరిచేసి, కాళ్ల కింద నీడ వేసి, పెళ్లికూతురి పక్కన నిలబెడుతుంది. జన్మలో కోటు తొడగని మనిషికి కోటు తొడుగుతుంది. మరికొందరు, పోయినవాళ్లు పోయినవాళ్లలాగే కనపడాలంటారు. వాళ్లను పైన మబ్బుల్లో పెట్టి, మెడలో దండ వేసి, కింద ఉన్న జంటను దీవిస్తున్నట్టు చేస్తుంది.

వచ్చినవాళ్లు దీన్ని మిక్సింగ్ అంటారు. సూర్యకళ దృష్టిలో మాత్రం అది ఒక ఇంటి కథ చెప్పడం. ఎవరి పక్కన ఎవరు నిలబడాలి, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద పడాలి అన్నది ఆమె చాలాసేపు ఆలోచించేది. తండ్రి పోయేనాటికి ఆయనతో మాటల్లేని ఒక అమ్మాయి వచ్చి, “ఆయన ముకం నా వైపు తిప్పగలరా మేడమ్?” అని అడిగింది. ఆ ఒక్క ముఖం తిప్పడానికి సూర్యకళ రోజంతా కూర్చుంది. మనసులో ఉన్నది నోటితో చెప్పలేనివాళ్లు ఫొటోలో చెప్పించుకుంటారని ఆమెకు తెలుసు.

అయితే ఆమె ఆ గదిలోకి ఇష్టపడి రాలేదు. ఒకప్పుడు సూర్యకళ, ఆమె భర్త సాయిశంకర్ కలిసి పెళ్లిళ్లకు వెళ్లేవారు. అతను వీడియో తీసేవాడు, ఆమె ఫొటోలు తీసేది. అనకాపల్లి నుంచి పెళ్లి పని ముగించుకొని వస్తుండగా హైవే మీద లారీ కొట్టి అతను పోయాడు. కర్మకాండలన్నీ అయ్యాక ఆమె మళ్లీ కెమెరా పట్టుకుంది. పెళ్లివారు పట్టుకోనివ్వలేదు. వధూవరుల కళ్లకు అందరికంటే ముందు ఎదురయ్యేది కెమెరా పట్టుకున్న మనిషే కదా, ఆ మనిషి భర్త పోయిన మనిషైతే ఎలా అన్నారు. గురునాథరావు చెడ్డవాడు కాడు. “నీడపట్టున కూకోమ్మా, లేనోళ్ల పని నువ్వు సూసుకో” అన్నాడు. ఆమె కూర్చుంది. కొన్నాళ్లకు బాధ కూడా అలిసిపోయింది.

ఒక ఉదయం పెదజాలారిపేట నుంచి కోటి అనే కుర్రాడు పెన్‌డ్రైవ్, ఒక పాత ఫొటో తెచ్చాడు. హార్బర్‌లో బోటు కదిలిపోతుందన్న తొందరలో ఉన్నాడు.

“బాబూ, మా సెల్లి మహేశ్వరి పెళ్లి ఫొటోల మా అమ్మా నాన్నా లేరు. ఇందులోంచి తీసి ఎట్టీండి. అది ఒకటే ఏడుత్తంది” అని గురునాథరావుకు చెప్పి వెళ్లిపోయాడు.

గురునాథరావు తెర పక్కకు తీసి, “సూర్యకళా, ఈ పెళ్లికూతురికి అమ్మా నాన్నా లేరంట. మంచిగా ఎట్టీ” అన్నాడు.

కోటి అన్న ‘ఫొటోల’, అంటే ఫొటోల్లో, అనే ఒక్క మాట ముందు గదికీ వెనక గదికీ మధ్య జారిపోయింది. మన భాషలో ‘లేరు’ అంటే ఇక్కడ లేరనీ అర్థమే, ఈ లోకంలోనే లేరనీ అర్థమే.

సూర్యకళ పెన్‌డ్రైవ్‌లోని పెళ్లి ఆల్బం అంతా తిరగేసింది. కన్యాదానం చేసింది పెదనాన్న, పెద్దమ్మ. కాళ్లు కడిగిందీ వాళ్లే, అప్పగింతల్లో కన్నీళ్లు పెట్టుకున్నదీ వాళ్లే. కన్నతల్లి ఒక్క ఫొటోలో కూడా కనపడలేదు. ఇద్దరూ పోయారన్నమాట, పాపం అనుకుంది. పాత ఫొటోలో బొమ్మ ఓడ గీసిన పరదా ముందు ఒక మగమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక ఒక పడుచు మనిషి కుర్చీ పట్టుకొని నిలబడి ఉంది. ఇద్దరినీ కత్తిరించి, మబ్బుల్లో పెట్టి, ఇద్దరికీ చెరో దండ వేసింది. ఫొటో బాగా వచ్చింది. గురునాథరావు దాన్ని ఫ్రేము కట్టించాడు.

ఫ్రేము కోసం కోటి రాలేదు. వేటకెళ్లిన బోటు ఇంకా తిరిగి రాలేదట. చేపల తట్ట గుమ్మం బయట దించి, చిట్టమ్మ అనే ఒకామె లోపలికి వచ్చింది.

“మా కోటిగాడు పొటో ఇచ్చేడంట. అయిపోనాదేటమ్మా?”

గురునాథరావు భోజనానికి వెళ్లాడు. సూర్యకళే బయటికి వచ్చి ఫ్రేము ఆమె చేతికిచ్చింది. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకొని పట్టుకుంది. ముందు మగమనిషి ముఖం మీద వేలు పెట్టింది.

“ఈడు బాగొచ్చేడు. బతికున్నప్పుడు ఇంత తెల్లగా లేడులే” అని నవ్వింది. తర్వాత వేలు పక్కకు జరిగి ఆగింది. “ఈ దండేటమ్మా?”

“పోయినవాళ్లకి అలా వేస్తాం పిన్నీ. ఆవిడ నీకేమవుతుంది?”

“అది నానే” అంది చిట్టమ్మ.

పట్టాల మీద గూడ్సు వెళ్తోంది. ఫ్రేములు కదులుతున్నాయి. బతికున్న మనిషి మెడలో తను దండ వేసింది. సూర్యకళ చిట్టమ్మ చేతులు రెండూ పట్టుకొని, “తప్పయిపోయింది పిన్నీ, ఎందులోనూ నువ్వు కనపడలేదు, నేను లేవనుకున్నాను” అంది.

చిట్టమ్మకు కోపం రాలేదు. వచ్చి ఉంటే సూర్యకళకు కాస్త తేలికగా ఉండేది. ఆమె బల్ల మీద కూర్చుని, పొద్దుటి నుంచి తిరిగిన కాళ్లు చాపుకుంది.

“నీ తప్పేటుందమ్మా. పెళ్లిల నన్నెక్కడెట్టేరో నువ్వూ అక్కడే ఎట్టేవు. మూర్తం ఏలకి ఎదరకి రావొద్దన్నారు. మగపెళ్లోరు కాదు, మావోలే అన్నారు. మొగుడు లేందాన్ని, పిల్లకేటైనా అయితే నా మీదకే వొత్తాదని నానూ సరే అన్నాను. వొంట కాడ కూకున్నాను. బాజాలు గట్టిగా మోగితే, తాళి కట్టీసేడు గావాల అనుకున్నాను.”

“మరి మహేశ్వరి ఏమీ అనలేదా?”

“తల దించుకు కూకున్న పిల్ల, దానికేటి తెలుత్తాది.” చిట్టమ్మ కాలి మడమ నొక్కుకుంది. “మాయమ్మకీ మొగుడు లేడు. నా పెళ్లికి నన్ను పీటల మీదకి సెయ్యట్టుకు తెచ్చింది మాయమ్మే. అప్పుడెవులూ ఏటీ అనలేదు. ఇప్పుడు హాలు, స్టేజీ, ఈడియో వొచ్చీసేయి గదా. అందరికీ కనపడిపోతాది. అందుకే భయం.” ఆమె చూపు తెర వెనక గదిలోకి పోయింది. “నువ్వెందుకమ్మా ఆ సీకటి గదిల కూకున్నావు?”

“పెళ్లిళ్లకి రావొద్దన్నారు పిన్నీ. మా ఆయన పోయాడు.”

చిట్టమ్మ తలాడించింది. “అయితే పొటో తియ్యడానికి నువ్వు లేవు, పొటో దిగడానికి నాను లేను” అంది. “ఆ దండొకటీ తీసీ అమ్మా. ఆడి పక్కన ఎక్కడో ఓ మూల ఎట్టీ. సాలు.” తట్ట నెత్తికెత్తుకొని వెళ్లిపోయింది.

దండ తీయడం ఎంతసేపు? మబ్బుల్లోంచి దించి, పెళ్లికూతురి పక్కన నిలబెట్టి, పట్టుచీర కట్టించవచ్చు. పక్కన మొగుడు కూడా నిలబడి ఉంటాడు కనుక నుదుట ఇంత బొట్టు పెట్టినా అడిగేవారుండరు. ఎవరు చూసినా తల్లి దగ్గరుండి పెళ్లి జరిపించిందనే అనుకుంటారు. సూర్యకళ మౌస్ పట్టుకుంది. వదిలేసింది. ఇన్నాళ్లూ చేసిన పనే, ఇవాళ చెయ్యడానికి మనసొప్పలేదు.

పోయినవాళ్లను ఫొటోలో పెడితే అది ఓదార్పు. బతికున్న మనిషిని వంట దగ్గర కూర్చోబెట్టి, తర్వాత తెచ్చి ఫొటోలో అతికిస్తే అది ఓదార్పు కాదు. చేసిన పనిని కప్పిపెట్టడం. పెదనాన్నలు, పెద్దమ్మలు ఆ ఫొటో చూసి, అంతా సవ్యంగానే జరిగిందనుకొని హాయిగా నిద్రపోతారు. సూర్యకళకు ఇన్నాళ్లకు కోపం వచ్చింది. అది చిట్టమ్మ కోసం వచ్చిందో తన కోసం వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆమె పెన్‌డ్రైవ్‌లో ఆల్బంలోకి ఎక్కని ఫొటోలన్నీ తెరిచింది. మసకగా వచ్చినవి, ఎవరో అడ్డొచ్చినవి, పొరపాటున నొక్కినవి. వాటిలో చిట్టమ్మ దొరికింది. మనిషి కాదు, ముక్కలు. తలంబ్రాల పళ్లెం ఎవరికో అందిస్తున్న ఒక చెయ్యి, తలుపు సందులోంచి కనిపిస్తున్న చీర కొంగు, అన్నం గంగాళం మీద వంగిన వీపు. స్టీలు నీళ్ల డ్రమ్ము మీద ప్రతిబింబించిన సగం ముఖం. అందులో కన్ను మాత్రం స్టేజీ వైపే ఉంది.

సూర్యకళ ఆ ముక్కలన్నీ కత్తిరించింది. మధ్యలో తాళి కడుతున్న ఫొటో పెట్టింది. చుట్టూ, అంచుల్లో, చెయ్యిని చెయ్యిగానే, కొంగును కొంగుగానే ఉంచింది. వేటినీ అతికించి మనిషిని చెయ్యలేదు. మహేశ్వరి పక్కన, తల్లి నిలబడవలసిన చోట, మనిషి ఆకారంలో తెల్లగా ఖాళీ వదిలేసింది. చివర్లో తండ్రిని తెచ్చి ఆ ఖాళీ పక్కన నిలబెట్టింది. దండ లేకుండా, కోటు లేకుండా, అతని నల్లని రంగుతోనే. అతని ముఖం ఆ ఖాళీ వైపు తిప్పింది. సాయిశంకర్ పోయాక ఏడవని ఏడుపు ఆ ముఖం తిప్పుతున్నప్పుడు వచ్చింది. ఎవరూ అడగకుండా తన కోసం తను చేసిన మొదటి ఫొటో అది.

గురునాథరావు చూసి, “ఇదేటమ్మా, పెళ్లి పొటోల ఈ కాళీ ఏటి? కస్టమర్ గొడవ సేత్తాడు” అన్నాడు. అన్నాడే గాని చింపమనలేదు. చాలాసేపు చూసి, అలాగే గోడకు ఆనించి పెట్టాడు.

బోటు వచ్చాక కోటి, మహేశ్వరి కలిసి వచ్చారు. మహేశ్వరి ఫొటో చూసింది. “ఈ తెల్లగా ఉన్నకాడ ఎవులక్కా?” అని అడిగింది.

“మీ అమ్మ. నువ్వు వెతకలేదు కదా, నాకూ దొరకలేదు” అంది సూర్యకళ. మాట కటువుగానే వచ్చింది.

మహేశ్వరి పళ్లెం అందిస్తున్న చెయ్యి చూసింది. ఆ చేతి మీద చేపముల్లు గీసిన పాత మచ్చ ఉంది. ఆ మచ్చను బట్టి పోల్చుకుంది. ఏడవలేదు. కోటి వైపు తిరిగి, “అమ్మని పిల్సుకురారా. మార్కెట్టు కాడే ఉంటాది” అంది.

చిట్టమ్మ వచ్చింది. ఫొటో దిగాలన్న సంగతి విని వెనక్కి వెనక్కి జరిగింది. “సేపల సీరతోటేటే, మార్సుకొత్తాను” అంది. కూతురు వదల్లేదు. తను కట్టుకున్న పట్టుచీర కొంగు తీసి తల్లి భుజం మీద కప్పి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది. గురునాథరావు కెమెరా తీశాడు.

“నువ్వొద్దు బాబూ” అంది చిట్టమ్మ, సూర్యకళను చూపిస్తూ. “ఆ గుంట తీత్తే దిగుతాను. లేపోతే ఎలిపోతాను.”

ముందు గదిలో ఎవరో పెళ్లి బేరం మాట్లాడటానికి వచ్చి కూర్చుని ఉన్నారు. గురునాథరావు వాళ్ల వైపు చూశాడు, సూర్యకళ వైపు చూశాడు. తర్వాత తెర పూర్తిగా పక్కకు లాగి, కెమెరా ఆమె చేతికిచ్చాడు. పెళ్లి బేరం వాళ్లు ‘మొగుడు లేని మనిషి’ అని గుసగుసలాడుకొని, మళ్లీ వస్తామని లేచి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు. అలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. సూర్యకళ ఇప్పటికీ ఎక్కువగా ఆ వెనక గదిలోనే పని చేస్తోంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పిలిస్తే కెమెరా పట్టుకొని పెళ్లికి వెళ్తోంది.

ఆ రోజు ఆమె చాన్నాళ్లకు కెమెరా పట్టి రెండు ఫొటోలు తీసింది. మొదటిది మసకగా వచ్చింది. రెండోది బాగా వచ్చింది. అందులో చిట్టమ్మ పూర్తిగా ఉంది, పాదాల దాకా.

ఫొటో చూసుకొని చిట్టమ్మ అంది: “లేనోలంటే సచ్చిపోయినోలనుకుంటాం గానమ్మా, సగం మంది బతికే ఉంటారు. పిలవక లేరు, అంతే.”

ఇప్పుడు మీ ఆల్బం తెరవండి. ఉన్నవాళ్లను చూడటం మానేసి, లేనివాళ్లు ఎవరో చూడండి. వంట దగ్గర ఎవరిని కూర్చోబెట్టారు, తలుపు చాటున ఎవరిని నిలబెట్టారు, గుర్తు చేసుకోండి. పోయినవాళ్లను ఫొటోలోకి తేవాలంటే సూర్యకళ లాంటివాళ్లు ఎంతో కష్టపడాలి. ఉన్నవాళ్లు రావడానికి మనం పిలిస్తే చాలు.