తల్లిని దించే వరస

మూడేళ్ల కిందట రఘునందన్ మైకులు పట్టుకుని బుచ్చయ్యపేట వచ్చాడు. విశాఖలో సాక్సోఫోన్ వాయించే పట్నపు దొర. రెండు రోజులు ఊళ్లో సన్నాయి ఊదే తాతబ్బాయి ఇంట్లో కోడికూర తిన్నాడు, నోరారా గురువుగారూ అని పిలిచాడు. అమ్మవారి పండక్కి తాతబ్బాయి సన్నాయి మీద ఊదే తల్లిని పిలిచే వరసను రికార్డు చేసుకుపోయాడు. ఆ వరస వింటే ఆడవాళ్ల మీదికి తల్లి వస్తుంది. దించే బాధ్యత పిలిచినవాడిదే, దానికి వేరే వరస ఉంది. ఎవరి మీదా తల్లి లేనప్పుడు అది ఊదకూడదని తాతబ్బాయి చెప్పాడు. అందుకే అది రికార్డుకెక్కలేదు, ఆ మాట రఘునందన్ చెవికీ ఎక్కలేదు.

తర్వాత ‘ఆవాహన’ అని ఆల్బం వచ్చింది. తాళానికి లొంగని డ్రమ్ములు, గొంతు చించుకునే సాక్సోఫోన్, వాటి నడుమ తాతబ్బాయి ఊపిరి. ఆధ్యాత్మిక జాజ్‌లో కొత్త దారి అని పేపర్లు రాశాయి. పైకెళ్లి తెగిపోయే ఆ ముగింపును మరీ మెచ్చుకున్నాయి. అట్ట మీద స్వరకల్పన రఘునందన్. తాతబ్బాయి పేరు ఎక్కడా లేదు. చదువు రానివాడు కనక కూతురు నాగవేణి చేత అట్టను రెండు వైపులా చదివించుకున్నాడు. ఫోన్ చేస్తే, “జానపదం అందరిదీ కదా గురువుగారూ” అన్నాడట ఆ పెద్దమనిషి. తాతబ్బాయి ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. నాగవేణి ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. పళ్లు బిగబట్టి కాచుకుంది.

చోడవరం కల్యాణమండపంలో ‘ఆవాహన’ కచేరీ అని తెలిసిన రోజున ఆమె కడుపు చల్లబడింది. అమ్మ రాజులమ్మను వెంటబెట్టుకుని, తండ్రి తనకు ఊదడం నేర్పిన సన్నాయిని ఒళ్లో పెట్టుకుని ముందు కుర్చీల్లో కూర్చుంది. చీడికాడ, కె.కోటపాడు నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు.

పది నిమిషాలకే ఒకామె జుట్టు విరబోసుకుని లేచింది. తర్వాత నలుగురు. ఆ తర్వాత రాజులమ్మ. తన సంగీతానికే అనుకుని రఘునందన్ కళ్లు మూసుకుని మరింత గట్టిగా ఊదాడు, శిఖరానికి తీసుకెళ్లి టక్కున ఆపాడు. చప్పట్లు పడలేదు. ఊగుతున్నవాళ్లు ఆగలేదు.

“దించు బాబూ! ఎత్తినోడివి నువ్వే దించాల!” అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

రఘునందన్ కుర్చీల వైపు చూశాడు. నాగవేణి ఒళ్లో సన్నాయి కనిపించగానే పరుగున దిగి వచ్చాడు.

“ప్లీజ్ నాగవేణీ, ఆ రెండో వరస...”

“మొదటిది ఎవరిది?”

“మీ నాన్నగారిది.”

“నాకేటి సెప్తన్నారు? మైకులో సెప్పండి.”

అతను స్పాన్సర్ల వైపు చూశాడు. ఈలోగా రాజులమ్మ ఊగుతూ పడి కుర్చీ అంచుకు కొట్టుకుంది, నుదురు చిట్లింది. నాగవేణి అది చూసింది. సన్నాయి మాత్రం ఎత్తలేదు.

“ఆలోసించుకోండి బాబూ. నాకేటీ తొందర నేదు.”

రఘునందన్ స్టేజీ ఎక్కాడు. “ఈ వరస నాది కాదు. బుచ్చయ్యపేట తాతబ్బాయి గారిది. ఆయన పేరు నేనే వెయ్యలేదు” అన్నాడు.

“మళ్లీ సెప్పండి. ఎనకోళ్లకి ఇనపడనేదు.”

మళ్లీ చెప్పాడు. అది విని నాగవేణికి ఒళ్లంతా హాయిగా అనిపించింది. అప్పుడు సన్నాయి ఎత్తి దించే వరస ఊదింది. ఒక్కొక్కరే కూలబడి మంచినీళ్లు అడిగారు.

తిరుగు ఆటోలో రాజులమ్మ నుదుటి కట్టు తడుముకుంది. “అంతసేపు ఏటి సేసేవే గుంటా?”

“ఆడి సేత నాన్న పేరు సెప్పించేను.”

“మీ నాన్నయితే నాను పడకముందే ఊదీసీవోడు.”

“అవునమ్మా. అందుకే ఆయన పేరు అట్ట మీదికి ఎక్కనేదు.”

రాజులమ్మ కూతురికి దూరంగా, సీటు ఆ చివరకు జరిగి కూర్చుంది.