మూడు బెజ్జాలు

కార్లకు రంగులు వెయ్యడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్క ఏళ్లు. నా షెడ్డులోంచి బయటికెళ్లిన బండి మీద వేలు పెట్టి చూపించడానికి ఒక్క మచ్చ దొరకదు. సొట్ట ఉంటే లాగుతాను, బెజ్జం కనిపిస్తే పుట్టీతో మూసి, నున్నగా రుద్ది, అప్పుడు రంగు కొడతాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను వెలగబెట్టిన ఘనకార్యం ఈ అలవాటు వల్లే జరిగింది.

మా అమ్మాయి కాలేజీలో రాకెట్లు కట్టే జట్టులో ఉంది. మనిషెత్తు రాకెట్టు. అడుగున మండే మందు, పైన మడిచిపెట్టిన పారాచూట్. ఆ పారాచూట్ పూచీ మా అమ్మాయిది. పోయినేడు అది తెరుచుకోలేదు. రాకెట్టు తలకిందులుగా వచ్చి నేలలో మోచేతి లోతున దిగబడింది. అప్పట్నుంచి జట్టులో అందరూ మా అమ్మాయిని "గొడుగు" అని పిలుస్తున్నారు. ఆ సంగతి ఇంట్లో నవ్వుతూనే చెప్పింది. కానీ ఓ రోజు వాళ్లమ్మతో, "ఈసారి కూడా తెరుచుకోకపోతే నేనే తప్పుకుంటానమ్మా. వాళ్లు పొమ్మనేదాకా ఆగను" అంటుంటే పక్కగదిలోంచి విన్నాను. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక, టీవీ గోల ఎక్కువైందని విసుక్కున్నాను.

ప్రయోగానికి వారం ముందు రాకెట్టును షెడ్డుకి తెచ్చింది.

"నాన్నా, ఎర్రరంగు వెయ్యి, చాలు. ఇంకేం చెయ్యొద్దు."

"నాకు పని నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదు, బతిమాలుతున్నా."

చెబితే వినే రకమా నేను. తను అటు వెళ్లగానే గొట్టం నడుం చుట్టూ మూడు బెజ్జాలు కనబడ్డాయి, ఒక్కోటి అగ్గిపుల్ల పట్టేంత. పాపం చదువుకునే పిల్లలు, డ్రిల్లు పట్టడం చేతకాక తప్పుచోట పొడిచారనుకున్నాను. వాళ్ల పరువు కాపాడదామని ఎవరికీ చెప్పకుండా పూడ్చేశాను. పైన మూడు పూతల రంగు, ఆ పైన మెరుగు. మర్నాడు జట్టంతా వచ్చి అందులో మొహాలు చూసుకున్నారు. మా అమ్మాయి "అబ్బ, నాన్నా!" అంది. ఆ ఒక్క మాటకే వారమంతా మీసం మెలేసుకుంటూ తిరిగాను.

ప్రయోగం రోజు నేనూ మా ఆవిడా మైదానానికి వెళ్లాం. జనాన్ని తాడు అవతలే ఆపేశారు. అక్కడ భద్రత చూసే పెద్దావిడ మెడలో ఈల వేసుకుని తిరుగుతోంది. పదకొండింటి వరకే అనుమతి, ఆ తర్వాత ఆకాశం విమానాలది. పదీ నలభైకి రాకెట్టును నిలబెట్టారు. మా అమ్మాయి మైకు దగ్గర కాగితం పట్టుకుని ఒక్కొక్కటే చదువుతోంది. జట్టు నాయకుడు, ఓ కళ్లద్దాల కుర్రాడు, జవాబు చెబుతున్నాడు.

"పారాచూట్ మడత?"

"అయింది."

"బ్యాటరీ?"

"ఉంది."

"గాలి బెజ్జాలు మూడు?" అని చదివి, కుర్రాడు నోరు తెరిచేలోపే, "అవి నేనే పొడిచాలే, ఉన్నాయి" అని టిక్కు పెట్టేసింది.

బెజ్జాలు మూడు. నేను పూడ్చినవీ మూడే. పక్కన నిలబడ్డ పిల్ల జట్టు చొక్కా వేసుకుని ఉంటే అడిగాను. "గాలి బెజ్జాలంటే ఏంటమ్మా?"

"లోపల ఎత్తు కొలిచే యంత్రం ఉంటుంది అంకుల్. ఆ బెజ్జాల్లోంచి వచ్చే బయటి గాలిని బట్టే దానికి ఎత్తు తెలుస్తుంది. రాకెట్టు కిందికి దిగడం మొదలవగానే పారాచూట్‌ని బయటికి తోస్తుంది."

"బెజ్జాలు మూసుకుపోతే?"

"పోయినేడు జరిగిందే మళ్లీ జరుగుతుంది."

చెబితే ఇంతమందిలో తల ఎక్కడ పెట్టుకోవాలి? చెప్పకపోతే తప్పు మా అమ్మాయి నెత్తిన పడుతుంది. నేను పూడ్చిన సంగతి ఎవరికీ తెలియదు. మా ఆవిడ నా మొహం చూసి, "ఏం చేశారు?" అంది. ఏమైందని కాదు, ఏం చేశారనే అడిగింది.

తాడు దాటి పరిగెత్తాను. ఈల మోగింది.

"ఆపండి. బెజ్జాలు లేవు. నేనే పూడ్చేశాను."

మా అమ్మాయి వచ్చి రాకెట్టు నడుం తడిమింది. ఎక్కడా వేలికి బెజ్జం తగల్లేదు. నా పనితనం మీద నాకే అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాను. తను కాగితం మీది టిక్కును అడ్డగీతతో కొట్టేసి, "చూడకుండా టిక్కు పెట్టింది నేను" అంది, అందరికీ వినపడేలా. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎక్కడెక్కడ పూడ్చావో గుర్తుందా?"

"నా పని నాకు గుర్తుండదా" అన్నాను.

పెద్దావిడ నిప్పంటించే తీగ తీయించి, గడియారం చూసి, "పన్నెండు నిమిషాలు" అంది. కుర్రాడు చేతి డ్రిల్లు ఇచ్చాడు. లోపల యంత్రం ఉంది, మొన ఒక్క పిసరు ఎక్కువ దిగినా అంతే. మొదటిది తెరిచాను. రెండోది. మూడోది. ఎర్రరంగు పెచ్చులుగా లేచి నా వేళ్లకు అంటుకుంది. మా అమ్మాయి వంగి మూడింటినీ చూసింది. కుర్రాడిచేతా చూపించింది. అప్పుడు టిక్కు పెట్టింది.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా వదిలారు. ఆ మోతకి చెవులు చిల్లులుపడ్డాయి. అందరూ ఆకాశం చూస్తుంటే నేను నేల చూస్తున్నాను. మా ఆవిడ నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్కన మా అమ్మాయి పెదాలతో అంకెలు లెక్కపెడుతోంది. పద్నాలుగు, పదిహేను, పదహారు.

"తెరుచుకుంది" అంది. అరవలేదు, మామూలుగానే అంది.

తలెత్తాను. పైన నారింజరంగు గుడ్డ, దాని కింద ఊగుతూ నా ఎర్ర రాకెట్టు. అక్కడే చతికిలబడ్డాను. ఆ పావుగంట బరువు కాదు, ఏడాది బరువు దిగింది. ఏడ్చానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. దుమ్ము అని నేనంటాను.

రాకెట్టు రాళ్లలో దిగి ఓ పక్కంతా గీసుకుపోయింది. ఇంకెప్పుడైనా అయితే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ రోజు ఒక్కో గీతనీ తడిమి చూసుకున్నాను, ప్రాణం లేచొచ్చింది.

మా అమ్మాయి కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. చివర పెన్నుతో కొత్త వరస రాసి ఉంది: రంగు వేశాక మూడు బెజ్జాలూ చూడాలి. దానికి రెండు సంతకాలు కావాలట. ఒకటి తను పెట్టేసింది. రెండోచోట "నాన్న" అని రాసి ఉంది.

"వచ్చే ఏడు కూడా రంగు నువ్వే" అంది.

"ఇంకేం చెయ్యొద్దా?"

"చెయ్యి. చెప్పి చెయ్యి."

సంతకం పెట్టాను. చేతికున్న ఎర్రపొడి కాగితానికి అంటింది. తుడవబోతే, ఉండనీ అంది.