ఖాళీగా వచ్చిన వల

వేసవిలో వేటకి నిషేధం పడిన అరవై ఒక్క రోజులూ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఊరికే ఊగుతుంటాయి. మగవాళ్లు పేకాడతారు, లేదా ఇంట్లో తిట్లు తింటారు. అప్పాయమ్మకి మాత్రం తీరికుండదు. పొద్దున్నే చద్దన్నం తిని, రేకుల షెడ్డు నీడలో కూచుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కడుతుంది.

ఆవిడ బాగుచేసిన వలని మొదటిసారి సముద్రంలో వేస్తే, చేపలకన్నా ముందు పోయిన వస్తువు వస్తుంది. ఎవరిది పోయిందో, ఏది పోయిందో పైకి చెప్పి వెయ్యాలి, అంతే. రేషన్ కార్డులు, కాలిపట్టీలు, స్కూటర్ తాళాలు, అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతని గేటు పాసు, అన్నీ అలాగే దొరికాయి. కిందటేడు సబ్బవరం నుంచి ఒకాయన వచ్చి మామగారి కట్టుడుపళ్లు పట్టుకుపోయాడు. కడిగి పెట్టుకున్నారట. దీన్నెవరూ వింతగా చెప్పుకోరు.

ఈ ఏడు వేసవిలో ఆవిడ మనవరాలు ఆశ ఫైలు పోయింది.

ఆశ మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. సముద్రంలో చేపలెందుకు తగ్గిపోతున్నాయో చదవడానికి నార్వేలోని ఒక యూనివర్సిటీ వాళ్లు ఆమె కాలేజీ నుంచి ఒక్కరిని ఒక సెమిస్టరుకి పిలిచారు. ఆశే ఎంపికైంది. ఇక్కడి సంతకాలన్నీ పెట్టిన ఫైలు మే ముప్పైలోగా అక్కడికి చేరాలి. ఆశ దాన్ని కాలేజీ ఆఫీసులో ఇచ్చి నలభై రోజులైంది.

మొదట పెద్దాయన సెలవులో ఉన్నారన్నారు. తర్వాత ఫొటో వెనక రంగు తెలుపు కాదు, లేతనీలం అన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు రోజుకో కారణం. ఆశ కాళ్లరిగేలా తిరిగి తెల్లరంగు ఫొటో తెస్తే, అంటించడానికి ఫైలు లేదన్నారు.

"పోయిందమ్మా. మళ్లీ మొదట్నించీ పెట్టుకో" అన్నాడు సూపరింటెండెంటు శ్రీరామ్మూర్తి.

"సార్, ఇంక నాలుగు రోజులే ఉంది. హెచ్‌వోడీ గారి సంతకం, ప్రిన్సిపాల్ గారి సంతకం అందులోనే ఉన్నాయి. ఇద్దరూ ఇప్పుడు ఊళ్లో లేరు."

"నేనేం చెయ్యను? వచ్చే ఏడాది చూద్దువుగాని."

వచ్చే ఏడాదికి ఆశ చదువే అయిపోతుంది. ఆ మాట చెప్పినా ఆయన తలెత్తలేదు. బస్సులో ఏడవకూడదని పళ్లు బిగించుకుని కూచుంది.

"ఏటే గుంటా, మొకం అలాగెట్టావు?" అంది అప్పాయమ్మ, ఆమె షెడ్డులోకి రాగానే.

"ఫైలు పోయిందట మామ్మా! నలబై రోజులు తిప్పితిప్పి, ఇపుడు పోయిందట!"

"పోతే ఏటి? వల ఉంది కదా."

కానీ ఆశ తండ్రి ఎల్లారావు అడ్డం తిరిగాడు. "నిషేదంలో ఇంజిను పడవ తీత్తే కేసు రాత్తారమ్మా."

"తెడ్డేసుకెల్లే తెప్పకి కేసేటి? పక్కింటి సింహాద్రిని తెప్ప అడుగు."

పాతికేళ్లుగా తెడ్డు ముట్టని ఎల్లారావు గొణుక్కుంటూ వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే తెప్ప మీద వెళ్లి, కూతురి పేరూ ఫైలు మాటా గట్టిగా చెప్పి వల వేశాడు. ఒడ్డున ఆశ ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడింది, తడిసిన కాయితాలు పెట్టుకోవడానికి.

వల ఖాళీగా వచ్చింది. నాచు ముక్క కూడా లేదు.

ఆశ ఆ కవరుని నలిపి ఇసకలోకి విసిరేసింది. "మనకి ఈ సదువులెందుకులే మామ్మా. సేపలమ్ముకుంటాను."

అప్పాయమ్మ వలని ముడి ముడీ తడిమి చూసింది. "నీ ఫైలు పోలేదే."

"మరేటి?"

"పోయినదైతే ఒచ్చును. రాలేదంటే ఎవుడో దాసినాడు."

"నీకెలా తెలుసు?"

"మీ తాత కోసం మూడు వలలు కట్టి ఏయించినాను. మూడూ ఇలాగే కాలీగా ఒచ్చినాయి. సముద్రంలో పోయినోడైతే ఒచ్చును."

తాత తుపానులో పోయాడనే ఆ ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. ఫొటోకి దండ కూడా ఉంది. ఎల్లారావు తెప్ప తాడు విప్పి మళ్లీ కట్టాడు, మళ్లీ విప్పాడు.

"సీర మార్చుకొత్తాను. పద, మీ కాలేజీకి" అని అప్పాయమ్మ లేచింది.

తడి వలని భుజానేసుకుని ఆవిడ ఆఫీసులోకి నడుస్తుంటే ఆపబోయిన అటెండరు, వలని చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ దాన్ని తిన్నగా తీసుకెళ్లి శ్రీరామ్మూర్తి బల్ల మీద పడేసింది. ఆయన తలెత్తి చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆశ ఈవిడ మనవరాలని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

"సబ్బవరం బాబువి కదూ! మీ మావగారు బాగా నమల్తన్నారా?"

"నములుతున్నారమ్మా" అన్నాడాయన నీరసంగా.

"దీని ఫైలు కోసం వల ఏసినాం. కాలీగా ఒచ్చింది. పోయినదైతే ఒచ్చును కదా మరి?"

గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. శ్రీరామ్మూర్తి జేబులోంచి తాళం తీసి, బీరువా అడుగు అర తెరిచాడు. ఫైలు అక్కడే ఉంది. దానికి కావలసింది ఆయన సంతకం ఒక్కటే. మొదటివారంలో మర్చిపోయాడు, ఆ తర్వాత చెప్పుకోలేకపోయాడు. ఆలస్యమైందంటే తప్పు తనది, పోయిందంటే ఎవరిదీ కాదు. ఒక అమ్మాయి బతుకు బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి ఆ మాత్రం కారణం చాలింది. తడి బల్ల మీదే సంతకం పెట్టాడు. ఆ గంటలోనే కాయితాలు స్కానై, మెయిల్లో నార్వే వెళ్లాయి.

ఆగస్టులో ఆశ బయల్దేరిన రోజున తాత ఫొటోకి దండ లేదు. ఎవరు తీశారని ఎవరూ అడగలేదు.

"సెమిస్టరంటే ఎన్నాల్లే?" అంది అప్పాయమ్మ గుమ్మంలో.

"అయిదు నెలలు మామ్మా."

"నీకోసం వల ఏయించి, అదీ కాలీగా ఒత్తే సూడ్డానికి నాకు ఓపిక లేదు."

"ఒచ్చేత్తాను మామ్మా."

"మీ తాతా అలాగే అన్నాడు" అని, అప్పాయమ్మ మనవరాలి పెట్టె తనే ఎత్తి ఆటోలో పెట్టింది.