సున్నా చేసిన బురద

బురదంటే వదినకి ఒళ్లుమంట. కంప్యూటర్ ఆటలో ఎటు తిరిగినా చిత్తడి నేలే తగులుతుంటే విసిగిపోయి, మరిది చేత ఆట తీరు మార్చే మోడ్ వేయించుకుని దాని పాళ్లు సున్నా చేసి పారేసింది.

"ఒకసారి ఎవరైనా తిరిగిన చోటు మారదు వదినా. ఎవరూ అడుగుపెట్టని చోటే కొత్త లెక్క పనిచేస్తుంది," అని మరిది ముందే చెప్పాడు.

సరేనని ఆటలో తన ఇంటికి గడియ పెట్టి, ఎన్నడూ పోని కొండ అవతలికి పోయింది. అంతా పచ్చిక, పూలు. కళ్లు చల్లబడ్డాయి. అంతలో మళ్లీ బురద, సన్నగా బాటలా.

మరిదికి ఫోన్ చేసి దులిపేసింది. "ఏడ్చినట్టుంది నీ మోడ్."

"మోడ్ బాగానే ఉంది. నువ్వే ఇదివరకు అటు వెళ్లుంటావు."

"నేనెందుకు పోతాను?"

"అయితే ఇంకెవరో నడిచారు. కానీ ఆ లోకం నీ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేదు కదా వదినా."

"పిచ్చి వాగుడు వాగకు," అని ఫోన్ పెట్టేసింది. ఆటలో ఆ బురద వెంటే నడిచింది. అది కొండ దిగి, తిన్నగా ఆమె ఇంటి పెరట్లోకే వచ్చింది.

గడియ పెట్టిన తలుపు బార్లా తెరిచి ఉంది.