రెండో చరణం

"లైవ్ అయ్యేదాకా కుక్కర్ పెట్టకు సుభా. పోయినసారి విజిల్ వినపడిందంట. పాటకంటే పప్పు వాసన బావుందన్నా అని ఒకడు కామెంట్ పెట్టాడు."

ఆదివారం పొద్దున్నే ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది. నవ్వుతూనే అన్నారు. మా ఇంట్లో నాకు పనులన్నీ నవ్వుతూనే చెబుతారు, అందుకే ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి ఇన్నేళ్లూ వీలు చిక్కలేదు. సాయంత్రం ఐదింటికి మునేరు బ్యాండ్ సింగర్ సాయిప్రసాద్, అంటే మా ఆయన, అభిమానులతో మాట్లాడతారు. ఆ గంటసేపూ జగ్గయ్యపేటలోని మా మేడ మొత్తం ఊపిరి బిగబట్టాలి. మైకులో హోరు వస్తుంది కాబట్టి ఫ్యాన్ ఆపాలి. కాలింగ్ బెల్ తీగ పీకెయ్యాలి. గేటు కొట్టొద్దని పాలవాడికి ముందే ఫోన్ చేయాలి. కింద అత్తయ్యగారి టీవీ సౌండ్ తగ్గించమని నేనే వెళ్లి చెప్పాలి, ఆవిడ మొహం ముడుచుకోవడం నేనే చూడాలి. కీబోర్డు మీద దుమ్ము తుడవాలి, వెనక కట్టే పరదా ఇస్త్రీ చేయాలి, రింగ్ లైటు ఆయన మొహానికి సరిగ్గా పడుతుందో లేదో చూడ్డానికి ఆయన కుర్చీలో కాసేపు నేను కూర్చోవాలి. లైటు సరిపోగానే లేవాలి.

టిఫిన్ దగ్గర అసలు సంగతి బయటపెట్టారు.

"నందిగామ ప్రోగ్రాంలో రేవు పాట ఫుల్‌గా పాడతానని పోస్టర్లో వేయించేశా. రెండో చరణానికి ట్యూన్ కావాలి. అప్పుడు అన్నావే, అలాగే ఏదో ఒకటి అను. లైవ్ అవగానే రికార్డ్ చేసుకుంటా."

"నా దగ్గరేముందండీ" అన్నాను దోసె తిరగేస్తూ.

"ఉందిలే. మొన్న డాబా మీద బట్టలారేస్తూ అంటున్నావ్, నేను మెట్లెక్కేసరికి ఆపేశావ్. కూనిరాగమేగా, నీకేం కష్టం? మిగతాదంతా నేను చూసుకుంటా."

రేవు పాట ఇటువైపు అందరికీ తెలుసు. పెళ్లి ఊరేగింపుల్లో డీజే పెడితే అది లేకుండా బండి కదలదు. పల్లవి, ఒక్కటే చరణం. రెండో చరణం ఉండాల్సిన చోట కీబోర్డు మోగుతుంది. ఆ ఖాళీ ఎందుకుందో నాకొక్కదానికే తెలుసు.

నాకు ఐదో నెల నడుస్తున్నప్పుడు, మామయ్యగారి అపరాల కొట్టునుంచి ఇంటికి తెచ్చిన కందిపప్పు డాబా మీద చెరుగుతుండేదాన్ని. చేట పైకీ కిందికీ ఆడుతుంటే ఆ తూగులో ఏదో రాగం వచ్చేది. మాటల్లేవు, ఊ అనడమే. ఆ రాగమే ఇప్పటి రేవు పాట పల్లవి, చరణం. ఆరో నెలలో ఒక మధ్యాహ్నం ఆ రాగం కాస్త ముందుకు సాగాక ఒకచోట ఊపిరి కోసం ఆగాను. ఆగిన చోట లోపలినుంచి ఒక్క తన్ను తన్నింది. నాకు నవ్వాగలేదు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాను. మళ్లీ తన్నింది. ఇక రోజూ అదే ఆట మాకు. నేను పాడుకుంటూ వచ్చి ఆగడం, అది తన్నడం, నేను అందుకోవడం. అదే రెండో చరణం. అందులో సగం నాది కాదు.

ఆ రోజుల్లోనే వేదాద్రి వెళ్లాం. స్వామిని చూసుకుని కృష్ణ ఒడ్డున మెట్లమీద కూర్చున్నాం. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఆడపిల్లైతే ఆమని అని పెడదాం. ఉగాదికి పుడుతుందిగా" అన్నారు. పాటలు కట్టేవాడికి తోచాల్సిన పేరే అనుకుని మురిసిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని కూడా ఆయనే అన్నారు, పుట్టకముందు పేరు అనుకున్నామని తెలిస్తే అత్తయ్యగారు కోప్పడతారని. అలా ఆ పేరు మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

పురిటికి నందిగామ, మా పుట్టింటికి వెళ్లాను. ఒకరోజు పొద్దున్నుంచీ కడుపులో కదలిక లేదు. రాగం తీసి, ఆగాల్సిన చోట ఆగి చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు ఆయన రెడ్డిగూడెంలో ప్రోగ్రాంలో ఉన్నారు. నొప్పులన్నీ మామూలుగానే పడ్డాను, కన్నాక ఏడుపు మాత్రం వినపడలేదు. లూర్దమ్మ అని పెద్ద నర్సు, "చూస్తావా తల్లీ?" అంది. "వద్దొద్దు, చూస్తే మర్చిపోవడం కష్టం" అన్నారు కబురంది వచ్చిన అత్తయ్యగారు. అయినా లూర్దమ్మ ఆవిడకి అడ్డంగా నిలబడి గుడ్డ కొంచెం తొలగించింది. ఒక చెవి, నుదుటిమీద తడిసిన జుట్టు చూశాను. "పేరేమన్నా అనుకున్నారా?" అని అడిగింది. చెప్పాను. "ఆమని" అని ఒక్కసారి పైకి పలికి గుడ్డ కప్పింది. నా బిడ్డని పేరుపెట్టి పిలిచింది ఆ ఒక్క మనిషే.

మామయ్యగారు బిడ్డని మునేరు ఒడ్డుకి తీసుకెళ్లి వచ్చారు. ఎక్కడ పెట్టారు మామయ్యా అని అడిగితే, "పచ్చి బాలింతవి, అవన్నీ నీకెందుకమ్మా" అన్నారు. మా ఆయన మర్నాడు వచ్చారు, స్టేజీ మీద కళ్లకింద రాసుకునే మెరుపు ఇంకా చెరగలేదు. ఏడ్చారు కూడా. అబద్ధం చెప్పకూడదు, బాగానే ఏడ్చారు. ఏడ్చి, "మళ్లీ పుడతార్లే" అన్నారు. మళ్లీ పుట్టలేదు. అత్తయ్యగారు మాత్రం గట్టిగా చెప్పారు: "పోయినదాని మాట ఎత్తితే ఇంటికి మంచిది కాదమ్మాయ్. ఎవరన్నా అడిగితే ఇంకా పిల్లల్లేరని చెప్పు." బారసాల లేదు, ఉయ్యాల లేదు, ఫొటో లేదు. పాలు మాత్రం వచ్చాయి. గుడ్డ బిగించి కట్టుకుని పెరట్లో అంట్లు తోముతూ ఆ రాగమే తీస్తుంటే ఆయన వెనకనుంచి వచ్చి, "ఏంటది? మళ్లీ అను" అన్నారు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బిడ్డకోసం పాట కడుతున్నారనుకున్నాను. చరణం దాకా ఇచ్చాను. రెండోది ఇవ్వడానికి గొంతు రాలేదు, ఏడుపొచ్చింది. చాల్లే, ఇది చాలు అని వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి పడవ దిగే పిల్లమీద, ఆ పిల్ల నడుమ్మీద మాటలు రాసుకుని పాడారు. నాకు వినిపించి, "ఎలా ఉంది?" అన్నారు. బావుందండీ అన్నాను. ఏమనాలో తెలియకపోతే నేను అనే మాట అదే.

ఇప్పుడు మిగిలిన ముక్క కూడా కావాలి. ఇచ్చేస్తే అదీ ఊరేగింపుల్లో మోగుతుంది. నా బిడ్డ తన్నిన చోట డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తారు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నా ఫోన్లో కొత్త అకౌంట్ తెరిచాను. పేరు అడిగింది. ఆమని అని కొట్టాను. పుట్టినతేదీ అడిగితే చేతులాగిపోయాయి. నాదే వేశాను. నా మనసులో అనుకున్నది ఒక్కటే. ఆయనకి నేను గుర్తుచేయను. పేరు కళ్లముందు పెడతాను. ఒక్కక్షణం తడబడినా చాలు, రెండో చరణం ఆయన చేతిలో పెట్టేస్తాను, ఏ మాటలైనా రాసుకోనీ. తండ్రికి గుర్తుంటే ఆ పాట ఎక్కడ మోగినా నాకు బాధలేదు.

ఐదింటికి లైవ్ మొదలైంది. నేను లైటు వెనక స్టూలు మీద కూర్చున్నాను. పేజీ నడిపే పాత ఫోన్ ఒక చేతిలో, నా ఫోన్ ఒళ్లో. బూతు కామెంట్లు తీసెయ్యడం, మంచి ప్రశ్నలు పైకి పెట్టడం నా పని. ఫ్యాన్ లేక జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

వత్సవాయి నుంచి బుల్లిబాబు ఏ మైకు వాడతారన్నా అని అడిగాడు. "మైకుదేముంది తమ్ముడూ, రూము నిశ్శబ్దంగా ఉండాలి. లక్కీగా మా ఇల్లు మొదట్నుంచీ ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. నా పక్కనే పీకేసిన కాలింగ్ బెల్ తీగ వేలాడుతోంది. ఎవరిని చూసి పాటల్లోకి వచ్చారని ఇంకొకరు అడిగారు. "మా నాన్నగారండీ. కాటా దగ్గర కూర్చుని పద్యాలు పాడేవారు." మామయ్యగారు కాటా దగ్గర లెక్కలు తప్ప ఏమీ పాడగా నేను వినలేదు. బ్యాండ్ పెడతానంటే మేళగాడివవుతావా అని కంచం విసిరికొట్టిన మనిషి.

నిఖిత అనే అమ్మాయి అడిగింది, రేవు పాట ఎలా పుట్టిందండీ అని. ఆ ప్రశ్న నేనే పైకి పెట్టాను.

"పాట మనం పిలిస్తే రాదండీ" అని ఆయన కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కి వదిలారు. "వేదాద్రిలో కృష్ణ ఒడ్డున ఒక్కణ్నే కూర్చున్నా. పడవలోంచి ఒకమ్మాయి దిగింది. అంతే. ట్యూన్ దానంతటదే వచ్చేసింది."

వేదాద్రి గుర్తుంది. మెట్లు గుర్తున్నాయి. ఎర్ర గుండెబొమ్మలు ఫోన్లో బిలబిలమని పైకెగురుతున్నాయి.

అంతలో ఎవరో అడిగారు, అన్నా పిల్లలెంతమంది అని. అది తీసెయ్యబోయాను గానీ ఆయన అప్పటికే చదివేశారు.

"మాకింకా పిల్లల్లేరండీ" అని చక్కగా నవ్వారు. "నా పాటలే నా పిల్లలు."

ఒళ్లో ఫోన్ తీసుకున్నాను. 'నమస్కారమండీ. నాకు ఈ పాటంటే ప్రాణం' అని పంపాను. పక్కన ఆమని అన్న పేరు. పైకి పెట్టలేదు. వందమందిలో ఒకరిగా వచ్చినా ఆ పేరు ఆయనకి తగలాలి అనుకున్నాను. మిగతా కామెంట్లు దాన్ని పైకి తోసేస్తున్నాయి. కనపడకుండా పోతుందనుకున్నాను.

"ఆమని గారు" అన్నారు ఆయన.

ఆ గొంతుతో ఆ పేరు వినడానికి ఎన్నేళ్లనుంచి కాచుకున్నానో అప్పుడే తెలిసింది.

"ఆమని... చాలా మంచి పేరండీ. ఏ ఊరు మీది?"

లైటు వెనక నేనున్నానని చూస్తారేమోనని తలెత్తాను. ఆయన కళ్లు తెరమీదే ఉన్నాయి. 'నందిగామ. మునేరు ఒడ్డున' అని కొట్టాను.

"నందిగామా! మనవాళ్లే. పైగా మునేరు, మా బ్యాండ్ పేరే!" గట్టిగా నవ్వారు. "ఇంత మంచి పేరు ఎవరు పెట్టారండీ మీకు?"

అక్షరాలు కనపడలేదు. కళ్లు తుడుచుకుని కొట్టాను. 'మా నాన్న.'

"చూశారా, పేరులోనే తెలుస్తోంది ఆయనకి మీరంటే ఎంత ప్రేమో" అన్నారు. "నందిగామ ప్రోగ్రాంకి నాన్నగారిని తప్పకుండా తీసుకురండి. ముందువరసలో కూర్చోబెడతా. ఇప్పుడీ పాట ఆమని గారికోసం."

కళ్లు మూసుకుని పాడారు. బాగా పాడారు. అన్నీ తెలిసి కూడా ఆ గొంతు నన్ను కరిగిస్తుంది, అదే నా ఖర్మ. నా బిడ్డకి వాళ్ల నాన్న పాడిన జోలపాట అదొక్కటే, అదీ పడవ దిగే పిల్ల నడుమ్మీద. చరణం అయ్యాక ఆపి, "రెండో చరణం నందిగామలో!" అన్నారు. గుండెబొమ్మలు మళ్లీ ఎగిరాయి. నేను పాత ఫోన్లో లైవ్ ముగించే మీట నొక్కాను.

వంటింట్లో పప్పు కడుగుతుంటే ఫోన్ పట్టుకుని వచ్చారు, రికార్డర్ ఆన్ చేసి.

"సూపర్‌గా వెళ్లింది ఇవాళ. ఊ, అను."

"గుర్తులేదండీ."

"మొన్నే అన్నావుగా!"

"మర్చిపోయాను."

"అదేం మర్చిపోవడం సుభా? నీలోంచి వచ్చిందేగా!"

"మర్చిపోతారండీ" అన్నాను. "మనలోంచి వచ్చినవాటినే మర్చిపోతారు."

ఆయన నా మొహంలోకి చూశారు. ఏదో ఉందని తోచింది గానీ ఏమిటో తెలియలేదు. "మూడ్ లేనట్టుంది. రేపు చూద్దాంలే" అన్నారు.

"రేపూ లేదండీ. ఎప్పుడూ లేదు." నవ్వలేదు. నవ్వకుండా ఈ ఇంట్లో నేను చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను. "పోస్టర్లోంచి తీయించండి."

"పప్పు కడగడం మాత్రం గుర్తుంటుంది నీకు" అని విసుక్కుంటూ మెట్లు దిగారు. కింద అత్తయ్యగారి టీవీ మళ్లీ పెద్దగా మోగింది.

కుక్కర్ స్టవ్ మీద పెట్టి విజిల్ తగిలించాను. ఆవిరి బుసకొట్టడం మొదలయ్యాక, ఆ చప్పుడు చాటున, గొంతెత్తి రెండో చరణం మొదలుపెట్టాను. ఒక్క స్వరం కూడా పోలేదు. అది తన్నే చోటు వచ్చింది. ఆగాను. అది తన్నాక నేను అందుకోవాలి. కుక్కర్ తన విజిళ్లన్నీ వేసి ఊరుకుంది. నేనింకా ఆగే ఉన్నాను.